గడప లేని తలుపు

స్వరూప జీపు దిగేసరికి ప్రారంభోత్సవానికి షామియానా లేచింది, కుర్చీలు పడ్డాయి, మైకు గొంతు సవరించుకుంటోంది. అంతా సవ్యంగానే ఉందనుకుంటూ కొత్త బడి వాకిట్లో అడుగు పెట్టబోయింది. కాలి బొటనవేలికి రాయి తగిలింది.

పోయిన వారం ఆమె వచ్చినప్పుడు ఆ రాయి లేదు.

నల్లటి బండ. బెత్తెడు ఎత్తు. పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టి, తలుపు పైన మామిడాకుల తోరణం కట్టారు. స్వరూప వరండా వెంట గబగబా నడిచింది. పదో తరగతి గది తలుపు కింద ఇంకో బండ. సైన్సు గదికి ఒకటి. వరండా చివర బాత్రూంకు కూడా ఒకటి. అదైతే మిగతావాటికన్నా ఎత్తు.

ఈ భవనం గీసిన ఇంజనీరు ఆమె. అయిజకు దగ్గర్లోని ఈ ఊరి హైస్కూలుకు తలుపులు వెడల్పుగా, వాకిలి నుంచి చివరి గది దాకా నేల ఒకే మట్టంగా ఉండేట్టు గీసింది. గీసే ముందు ఉమ చక్రాల కుర్చీని టేపు పెట్టి కొలిచింది.

ఉమ పదో తరగతి. నడుము కింద చచ్చుబడింది. పాత బడిలో ఆమె కుర్చీ దూరే బాత్రూం లేదు. తల్లి దేవమ్మ రోజూ పని మధ్యలో పరుగెత్తుకొచ్చి, కూతుర్ని ఎత్తుకుని తీసుకెళ్లి, మళ్లీ చేనుకు పరుగెత్తేది. ఇప్పుడు సీడు పత్తిలో క్రాసింగు పని నడుస్తోంది. మగ పూల పుప్పొడిని ఆడ పూలకు పొద్దుటి పూటే అద్దాలి, ఎండ ముదిరితే పూవు పనికిరాదు. నడుమ లేచిపోయే మనిషి వద్దని చేను ఆసామి తేల్చేశాడు. దేవమ్మ కూడా ఒక మాట తేల్చేసింది. కొత్త బడిలో పిల్ల తన పని తాను చేసుకోగలిగితే చదువు, లేకుంటే ఇల్లు. అది తేలేది ఈరోజే.

"ఎల్లన్నా" అని కేకేసింది స్వరూప.

మేస్త్రీ ఎల్లన్న తువ్వాలతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఈ బండలు ఎవరు పెట్టమన్నరు?"

"తిమ్మమ్మవ్వ రాయచూరు నుంచి తెప్పిచ్చింది మేడం. బడికి ఆమె కానుక. నేను కూసోబెట్టిన."

"డ్రాయింగుల ఉన్నయా?"

"లెవ్వు. గడప ఉండాలని ఎవరికి తెల్వదు మేడం? మీరు గియ్య మరిచిండ్రు అనుకున్నం."

అతని మొహంలో వెటకారం లేదు. పెద్ద చదువులు చదివిన మనిషి చిన్న పొరపాటు చేస్తే చడీచప్పుడు లేకుండా సర్దిపెట్టానన్న తృప్తి ఉంది.

"బాత్రూంకు గూడ గడపనా?"

"అది నీళ్ల కోసం. లేకుంటే వరండా అంత చెరువైతది."

"ఇప్పుడే తీసెయ్యి."

ఎల్లన్న పసుపు వైపు చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు. "బొట్టు పెట్టిన గడపను నేనైతే పెకిలించ మేడం. పిల్లలు గలోన్ని. మీరే అవ్వను అడుగుండ్రి."

తిమ్మమ్మ షామియానా కింద ముందు వరసలో కూర్చుని పూలదండలు సరిచూస్తోంది. ఒకప్పటి సర్పంచ్. బడి కట్టిన నేల ఆమె ఇంటివాళ్లు ఇచ్చిందే. ఆ ఊళ్లో ఆమె కాదన్న పనికి సుత్తె ఎత్తే చెయ్యి లేదు.

"ఏంది ఇంజనీరమ్మా, మొఖం గట్ల పెట్టినవ్? బండలు నచ్చలేదా?"

"బండలు మంచిగున్నయి అవ్వా. ఉన్న చోటే బాగలేదు."

"గడపను తలుపు కింద పెట్టక నెత్తిన పెడ్తరా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. స్వరూప నవ్వలేదు. కుర్చీ చక్రాల గురించి చెప్పింది. తిమ్మమ్మ ఓపికగా విని, దండలోంచి ఒక వాడిన పువ్వు తీసి పారేసింది.

"గడప లేని ఇంట్లకు లక్ష్మి రాదంటరు. మరి సరస్వతి వస్తదా?"

అప్పుడే గేటు దగ్గర ఉమ కనిపించింది. జడలో కనకాంబరాలు, ఒళ్లో పుస్తకాల సంచి. వెనక దేవమ్మ వస్తోంది కానీ కుర్చీ మీద చెయ్యి వెయ్యలేదు. ఉమ తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ ర్యాంపు ఎక్కేసింది. వాకిలి దగ్గర ముందు చక్రాలు బండకు కొట్టుకుని ఆగిపోయాయి. వెనక్కి తీసి మళ్లీ తోసింది. మళ్లీ ఆగాయి. బడి సార్లిద్దరు పరుగున వచ్చి కుర్చీని ఎత్తి అవతల పెట్టారు.

"చూసినవా?" అంది తిమ్మమ్మ. "ఊరంత మనుషులున్నరు. ఎత్తి దాటిస్తరు."

దేవమ్మ వరండా పొడుగునా ఉన్న బండల్ని ఒక్కొక్కటే చూసింది. చివరి తలుపు దాకా చూసి, "ఇంటికి పోదాం పా" అంది కూతురితో.

స్వరూపకు ఇక నియమాలు చదివే తీరిక లేదు. "అవ్వా, ఒక్క గడప తీయనియ్యి. మిగిలినవాటి సంగతి తర్వాత చూద్దాం."

తిమ్మమ్మ లేచి వరండాలోకి వచ్చింది. "ఒక్కటంటే ఒక్కటే. పెద్ద వాకిలిది ముట్టొద్దు."

"లేదు. పదో తరగతి గదిది."

"గదిది వద్దు మేడం" అంది ఉమ. "బాత్రూంది తీయిండ్రి."

"చదువుకునే గదిని ఇడిసి బాత్రూం అంటవేందే పిల్లా?" అంది తిమ్మమ్మ.

"క్లాసులకైతే ఎవలన్న ఎత్తి పెడ్తరు అవ్వా. అండ్లకు ఎవలు ఎత్తుకపోవాలె?"

కుర్చీ ఎత్తిన సార్లిద్దరూ మైకు వైపు చూపు తిప్పుకున్నారు. తిమ్మమ్మ కాసేపు ఉమను చూసింది, తర్వాత దేవమ్మను చూసింది.

"ఎల్లన్నా, సుత్తె తెచ్చుకో."

"నీళ్లు వరండాలకొస్తయి అవ్వా. వచ్చే సార్ల బూట్లు తడుస్తయి."

"నేల వాలు నీళ్లు పోయే జాలీ దిక్కే ఇచ్చినవ్ గదా?" అని అడిగింది స్వరూప.

"ఇచ్చిన మేడం. గని తలుపు కాడ జర..." ఎల్లన్న నసిగాడు. "ఎట్లైన గడప వస్తది గదా అని..."

తలుపు దగ్గర వాలు ఎదురు తిరిగి ఉంటే ఊరు మొత్తం ముందు నీళ్లు బయటికి పారతాయి. ఆ తర్వాత ఏ గడపా కదలదు.

ఎల్లన్న బండకు దండం పెట్టి, దాని కింద ఉలి దూర్చాడు. టైల్సు మీద వేసిన సిమెంటు ఇంకా పచ్చిగానే ఉంది. నాలుగు దెబ్బలకు బండ విరక్కుండా లేచొచ్చింది. దాన్ని పిల్లాణ్ని దించినట్టు గోడ పక్కన దించాడు.

స్వరూప బకెట్ నిండా నీళ్లు పట్టి గుమ్మరించింది.

నీళ్లు ముందు జాలీ వైపే పరుగెత్తాయి. గోడకు కొట్టుకుని, ఒక పాయ వెనక్కి తిరిగి తలుపు వైపు వచ్చింది. గుమ్మం గీత దాకా వచ్చి నిలబడింది. సన్నటి ధార ఒకటి గీత దాటి తిమ్మమ్మ కాలివేళ్లను తడిపింది. మిగతాదంతా మెల్లగా వెనక్కి మళ్లి జాలీలోకి దిగిపోయింది.

తిమ్మమ్మ కాలు విదిలించింది. "గిన్ని నీళ్లకు ఎవ్వరు మునగరు తియ్. పో బిడ్డా."

ఉమ కుర్చీ ఆగకుండా లోపలికి వెళ్లింది. తలుపు మూసుకుంది. లోపల గొళ్లెం పడింది.

దేవమ్మ అలవాటుగా తలుపు మీద చెయ్యి వేసి నిలబడింది. గేటు బయట కార్ల హారన్లు మోగాయి. దండలు పట్టుకుని ఒకరు పరుగెత్తుకొచ్చారు. "అవ్వా, పెద్ద సార్లు వచ్చిండ్రు."

"జర ఆగమను" అంది తిమ్మమ్మ. స్వరూప వైపు తిరిగింది. "తీసిన బండను ఏం జేస్తవ్? పసుపు పెట్టిందాన్ని పారేస్తే ఒప్పుకోను."

"పారెయ్య అవ్వా. నేల తవ్వి, టైల్సుకు సమానంగ దించుత. అన్నిటినీ గట్లనే దించనిస్తే పండుగ పండుగకు పైన పసుపు పెట్టుకోవచ్చు."

"ఎత్తు లేంది గడప ఎట్లైతదే?"

"నువ్వు బొట్టు పెడ్తే అయితది."

"మాటలు నేర్సినవ్" అంది తిమ్మమ్మ. సరేననలేదు, కాదనీ అనలేదు.

లోపల కుర్చీ గోడకు తగిలిన చప్పుడైంది. దేవమ్మ ఉలిక్కిపడింది. "ఉమా, రావాల్నా?"

"వద్దమ్మా."

ఇంకోసారి చప్పుడు. తర్వాత చాలాసేపు ఏమీ వినిపించలేదు. తర్వాత మగ్గుతో నీళ్లు పోసిన చప్పుడు. గొళ్లెం తీసి, తలుపును కుర్చీతోనే తోసుకుంటూ ఉమ బయటికొచ్చింది. చెమటతో నుదురు తడిసింది. తడి చేతులు పావడాకు తుడుచుకుంది.

"గోడకు పట్టుకునే కడ్డీ జర కిందికి ఉండాలె మేడం" అంది. "అందుతది గని, ఆయాసమొస్తది."

స్వరూప తలూపి, లోపలికెళ్లి కడ్డీ కింద గోడ మీద చాక్‌పీసుతో గీత గీసింది.

దేవమ్మ ఆకాశం వైపు చూసింది. ఎండ ఇంకా ముదరలేదు. కొంగు బిగించి నడుములో దోపుకుంది.

"మరి నేను పోదునా?"

"పో అమ్మా."

ముందు గేటు నిండా కార్లు, దండలు, మనుషులు. దేవమ్మ వెనక గేటు తీసుకుని పత్తి చేల వైపు నడిచింది. ఈసారి పరుగెత్తలేదు.