ఒక వరస తక్కువ

పొద్దున్నే తలుపు తీసేసరికి నేను సగంలో వదిలేసిన అల్లికలన్నీ గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్నాయి. కాళ్ళు లేనివాళ్ళకి చెప్పులెందుకని నేను అడగను. పండక్కి వచ్చిన చుట్టాల్ని ఎవరూ అలాంటివి అడగరు.

"లోపలికి రండి" అంటాను. వచ్చి, వయసు ప్రకారం కుర్చీల్లో సర్దుకుంటాయి. అన్నిటికంటే పెద్దది మా తమ్ముడు కృపావరం స్వెటరు. ఈస్టరు వెళ్ళిన వారం మొదలుపెట్టాను. మెడపట్టీ పూర్తి కాలేదు గనుక పలకరించినా తల ఊపలేకపోతోంది. దాని పక్కన పాస్టరుగారి మఫ్లరు, ఆ పక్కన డాక్టరమ్మగారి శాలువా. చర్చిలో పాడే క్వయరు పిల్లల టోపీలు బెంచీ మీద చోటు చాలక ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. మా మేనకోడలి భర్త స్వెటరు మాత్రం కాలు మీద కాలేసుకుని కూర్చుంది. కాళ్ళు లేకపోయినా అల్లుడు అల్లుడే.

నా పేరు దయామణి. కొవ్వూరులో, గోదావరికి కొన్ని వీధుల ఇవతల ఉంటాను. ఊలుతో అల్లడం నా పని. మా ఊళ్ళో చలి మొహమాటానికి వస్తుంది. డిసెంబరులో వచ్చి, కాసేపు కూర్చుని, సంక్రాంతి దాటగానే సెలవు తీసుకుంటుంది. దాని కోసం నేను ఏడాదంతా అల్లుతాను. ఇది పిచ్చి అంటే ఒప్పుకుంటాను. దండగ అంటే మాత్రం నాకు కోపం వస్తుంది.

ఈ ఏడాది ఒక్కటీ పూర్తి కాలేదు. ప్రతిదాన్నీ ఆఖరి వరస దగ్గర ఆపేసి, పక్కన పెట్టి, కొత్తది మొదలుపెట్టాను. అలా ఇల్లు నిండింది. క్రిస్మస్ దగ్గరికొచ్చింది.

అందరికీ కాఫీ పెడతాను. కాలర్ల దగ్గర గ్లాసు వంచుకుని తాగుతాయి. ఒక్క చుక్క మరక పడదు.

పాస్టరుగారి మఫ్లరు గొంతు సవరించుకుంటుంది. గొంతుల దగ్గర ఉండాల్సిన వస్తువు గనుక మాటకారి.

"దయామణమ్మగారూ, మాకా ఒక్క వరసా వేసేస్తే ఎవరిళ్ళకి వాళ్ళం ఎల్లిపోతాం."

"సూదులు కనబడ్డం లేదండీ."

"కనబడకపోడం వేరండీ, దాక్కోడం వేరు. అయి దాక్కున్నాయి."

"మీకెలా తెలుసు?"

"మాకు కూడా భయవేసినప్పుడు అలాగే చేస్తామండి" అంటుంది మఫ్లరు. "పోనీ ఇది చెప్పండి. మేం మీకేం వరస? వరస తెలీకుండా ఒకరింట్లో ఎన్నాళ్ళని కూచుంటాం?"

కాఫీ గ్లాసులు కడగడానికి లేస్తాను.

అప్పుడే తమ్ముడు కృపావరం వస్తాడు. చేతి సంచీలోంచి పండుగొప్ప తోక బయటికి వేలాడుతోంది. గుమ్మం అవతలే నిలబడి, రెండు చేతులూ జోడిస్తాడు. సంచీ కూడా చేతుల మధ్యే ఉండడంతో చేప కూడా నాకు నమస్కారం పెట్టినట్టవుతుంది.

"ఏవనుకోకండి. తవరు నాకేవవుతారండీ?"

"అక్కనురా."

"అలాగాండీ. తవరు చెబితే నేను కాదంటానా? కానీ లోపల ఆ వరస తగలట్లేదండీ. కాళ్ళు అలవాటు కొద్దీ ఇటొచ్చేసినాయి. చేప కూడా అలవాటు మీదే కొనేసేను."

మాటలు వచ్చినప్పటి నుంచీ వీడు నన్ను నువ్వు తప్ప మీరు అనలేదు. చిన్నప్పుడు జడ పట్టుకుని లాగినవాడు, నిన్నటిదాకా నా పళ్ళెంలో వడియం అడక్కుండా తీసుకున్నవాడు, ఇవాళ గుమ్మంలో నిలబడి తవరు అంటున్నాడు. ఆ మర్యాదకి నాకు ఏడుపొస్తుంది. లోపలికి వచ్చి కూర్చోమంటే స్టూలు అంచు మీద, కొత్తవాళ్ళింట్లో కూర్చున్నట్టు కూర్చుంటాడు.

వీధిలోకి తొంగిచూస్తాను. అక్కడా అంతే. ఎదురింటి మొగుడూ పెళ్ళాలు పంపు దగ్గర పోట్లాడుకుంటున్నారు. "తమరు దయచేసి నోరు మూసుకోవాలండీ" అంటున్నాడు ఆయన. "ముందు తమరు మూసుకోండి" అంటోంది ఆవిడ. తల్లులు పిల్లల్ని ఎవరబ్బాయివి బాబూ అని అడుగుతున్నారు. పిల్లలు ఆలోచిస్తున్నారు.

"వరసలు వదిలేస్తే మరి ఊరుకుంటాయాండీ?" అంటుంది మఫ్లరు, నా వెనక నుంచి.

ఎండ కాస్త ఎక్కాక మేనకోడలు షారోను వస్తుంది. కృపావరం కూతురు. వాళ్ళమ్మ పోయి చాలా కాలమైంది. షారోనుకి నెలలు నిండాయి, నిండి పొర్లుతున్నాయి, నొప్పులు మాత్రం రావడం లేదు. డాక్టరమ్మగారు చూసి, అంతా బాగానే ఉంది, లోపలున్నవాళ్ళకే తొందర లేదు అన్నారట.

"అత్తా" అంటుంది షారోను. నా ప్రాణం లేచి వస్తుంది. ఈ పిల్ల ఒక్కతే ఇంకా నన్ను వరస పెట్టి పిలుస్తోంది. తనకోసం నేను ఈ ఏడాది ఏమీ మొదలుపెట్టలేదు, అందుకే కాబోలు తనది తెగలేదు.

చాప పరిచి, గోడకి దిండు పెట్టి కూర్చోబెడతాను. కాసేపు ఆయాసం తీర్చుకుని, పొట్ట మీద చెయ్యేసుకుంటుంది.

"అత్తా, లోపల్నించి అడుగుతోంది."

"ఏవని?"

"బయట నాకెవరున్నారూ అని. వరసలు చెప్తే గానీ రానంటోంది. అమ్మనున్నానుగా అన్నాను. ఒక్కదానివే ఏం సరిపోతావూ అంటోంది."

శాలువా మెల్లగా నా వైపు వంగి, "అందరం వచ్చాం గానీ, మాలో చిన్నది ఏదమ్మా?" అని అడుగుతుంది.

చిన్నది బియ్యం డబ్బాలో ఉంది. తెల్ల ఊలుతో అల్లిన టోపీ. నారింజకాయకి సరిపోయేంత.

షారోనుకి ఇంతకుముందు రెండుసార్లు కడుపు పోయింది. రెండుసార్లూ నేను ముందుగానే చిన్న మేజోళ్ళు అల్లి, ఆఖరి ముడి వేసి, మడత పెట్టి ఉంచాను. పుట్టకముందు బట్టలు సిద్ధం చెయ్యకూడదమ్మా అని వీధిలో పెద్దావిడలు చెబితే నవ్వాను. రెండోసారి తర్వాత నవ్వడం మానేశాను. ఈసారి టోపీని ఒక వరస తక్కువతో ఆపి, బియ్యంలో దాచాను. అయితే భయం ఒక టోపీతో సరిపెట్టుకునే రకం కాదు. తమ్ముడి స్వెటరు పూర్తి చేయబోతే చెయ్యి ఆగింది. తర్వాత శాలువా దగ్గర ఆగింది. ఏది పూర్తి చేసినా ఎక్కడో ఇంకేదో పూర్తయిపోతుందని నా భయం.

ఇప్పుడు పిల్ల రానంటోంది. నేను భయపడి ఆపిన వరసల వల్లే రానంటోంది.

సూదుల్ని వెతకడానికి లేస్తాను. ఒకటి గోడ కేలండరులో, జనవరి కాగితం వెనక ఉంది. రెండోది కొవ్వొత్తుల పెట్టెలో కొవ్వొత్తుల మధ్య ఊపిరి బిగబట్టుకుని పడుకుంది. రెంటినీ ఒళ్ళో పెట్టుకుని కాస్త కొబ్బరినూనె రాస్తాను.

"మీ తప్పేం లేదు" అంటాను.

"నీదీ లేదు" అంటాయి రెండూ. అవి ఎప్పుడూ కలిసే మాట్లాడతాయి.

ఆ మాట ఇన్నాళ్ళూ నాతో ఎవరైనా అంటారా అని చూశాను. అన్నది సూదులైనా సరే, నాకు చాలు.

ముందు తమ్ముడి స్వెటరు తీసుకుంటాను. అది మెడ చాచి ఇస్తుంది. స్టూలు మీద కృపావరం నా చేతుల్ని చూస్తూ ఉంటాడు.

"తవరు చాలా బాగా అల్లుతున్నారండీ" అంటాడు.

వరస పావు వంతు వచ్చేసరికి, "మీకు ఇదెవరు నేర్పేరండీ?" అంటాడు. సగం దాటేసరికి స్టూలు మీద వెనక్కి జరిగి దర్జాగా కూర్చుంటాడు. ఆఖరి ముడి వేస్తుంటే ఆవలిస్తాడు.

"ఎంతసేపే అక్కా కూచోబెడతావు? చేప పాడైపోద్ది. కత్తిపీట ఎక్కడ చచ్చింది?"

నేను వాడి మొహం చూడకుండా వంటింటి వైపు చెయ్యి చూపిస్తాను. స్వెటరు లేచి వాడి మీదికి తనంతట తనే ఎక్కుతుంది. వాడు అదేమీ పట్టించుకోకుండా పోయి చేప పొలుసు తీయడం మొదలుపెడతాడు.

తర్వాత మఫ్లరు, శాలువా, టోపీలు. సూదులకి ఊపొస్తుంది. పూర్తయినవి పూర్తయినట్టు లేచి, వెళ్ళే ముందు నా చేతిలో తమ ఊలు కొస ఒక్కొక్కటి పెడుతున్నాయి. వద్దంటే వినవు. "మా తృప్తికండీ" అంటుంది మఫ్లరు. అల్లుడి స్వెటరు ఇంకో కాఫీ తాగితే గానీ ఒళ్ళో కూర్చోదు. తాగించి, దానికీ వేసేస్తాను. అది కూడా కొస ఇచ్చి, నాకు దణ్ణం పెట్టి మరీ వెళుతుంది. అల్లుళ్ళ గురించి నేను తొందరపడ్డాననుకుంటాను.

వీధిలో ఎవరో ఎవర్నో ఒరేయ్ అని గట్టిగా పిలుస్తారు. ఎదురింటావిడ మొగుణ్ణి మామూలుగా తిడుతోంది. ఆయన మామూలుగా వినిపించుకోవడం లేదు. నాకెంత హాయిగా ఉందో చెప్పలేను.

ఇక టోపీ. బియ్యం డబ్బాలోంచి తీస్తే కుట్ల సందుల్లో గింజలు ఇరుక్కుని ఉన్నాయి. వాటిని రాలుస్తాను. సూదులు దాని దగ్గరికి వెళ్ళి ఆగిపోతాయి. వాటిని తోయడం నాకూ చేత కావడం లేదు.

"నా వల్ల కాదే తల్లీ. ముందే పూర్తి చెయ్యాలంటే భయవేస్తోంది. ఆ రెండుసార్లూ చూశావుగా" అంటాను షారోనుతో. ఈ మాట దానితో ఎప్పుడూ అనలేదు. ఇద్దరం ఆ సంగతి చుట్టూ తిరిగి వెళ్ళేవాళ్ళం.

షారోను కళ్ళు మూసుకుని లోపలికి చెవి పెడుతుంది.

"వాళ్ళిద్దరూ తనకి తెలుసట అత్తా."

"ఏవంటోంది?"

"మేజోళ్ళ వల్ల వెళ్ళలేదట. వెళ్ళాల్సొచ్చి వెళ్ళారట. మేజోళ్ళు ఉండబట్టి కాళ్ళు చల్లగా లేవట. అదొక్కటే చెప్పమన్నారట నీతో."

షారోను ఏడుస్తోంది. నేనూ ఏడుస్తున్నాను. వంటింట్లో పొలుసు తీసే చప్పుడు ఆగిపోతుంది. తర్వాత నేను పైట చెంగుతో సూదుల్ని తుడిచి, నా మొహం తుడుచుకుని, టోపీ అందుకుంటాను.

తెల్ల ఊలు ఎప్పుడో అయిపోయింది. చేతిలో మిగిలినవి చుట్టాలిచ్చిన కొసలే. తమ్ముడి నీలం, పాస్టరుగారి బూడిదరంగు, డాక్టరమ్మగారి పసుపు, క్వయరు పిల్లల ఎరుపు, అల్లుడి ఆకుపచ్చ. ఒకదానికొకటి ముడి వేసుకుంటూ అల్లుతాను. ఆఖరి వరస నానా రంగులుగా వస్తుంది. ఎవరి రంగు ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. చివరి ముడి బిగించి, పంటితో దారం తెంపుతాను.

ఒళ్ళో టోపీ బరువెక్కుతుంది. లోపల ఏదో గుండ్రంగా, వెచ్చగా సర్దుకుంటుంది. ముందు నుదురు వస్తుంది, తర్వాత ముక్కు, చెవులు, మెడ, మిగతాదంతా. ఆడపిల్ల. షారోను పొట్ట దగ్గర చీర కుచ్చిళ్ళు వదులవుతాయి. తను ఒక్క పెద్ద ఊపిరి వదిలి, "వచ్చిందా?" అంటుంది.

"వచ్చింది" అని దాని చేతుల్లో పెడతాను.

పిల్ల ఏడవదు. వచ్చిన చోటు ఒకసారి పరికించి చూసుకుంటుంది. షారోనుని చూసి, "అమ్మ" అంటుంది. గుమ్మంలో పొలుసు చేతులతో నిలబడ్డ కృపావరాన్ని చూసి, "తాతయ్య" అంటుంది. వాడు గోడ వైపు తిరిగి భుజాలు కదిలిపోయేలా ఏడుస్తాడు.

పిల్ల తల నా వైపు తిరిగేలోపల నేను బయటికి వచ్చేస్తాను. అమ్మకి మేనత్త అయితే పిల్లకి ఏమవ్వాలో నాకు తెలియక కాదు. పిల్లల్ని కనని దాన్ని. ఎదురుగా నిలబడితే అడుక్కున్నట్టుంటుంది. అందరితో పాటు నా వంతు వచ్చినప్పుడు వింటాను.

బయట అప్పటికే ఊరంతా వరసలో నిలబడి ఉంది. పిల్లకి తామేం వరసో తెలుసుకుందామని వచ్చారు. పాస్టరుగారు, డాక్టరమ్మగారు, ఎదురింటి మొగుడూ పెళ్ళాలు, పాలావిడ, ఆవిడ గేదె. మధ్యలో దూరడం నాకు ఇష్టం ఉండదు. చివర ఎక్కడుందా అని వెతుక్కుంటూ నడుస్తాను. వరస వీధి మలుపు తిరిగి, రేవు మెట్లు దిగి, గోదావరి మీదుగా సాగుతోంది. నీళ్ళ మీద జనం మామూలుగా నిలబడి కబుర్లాడుకుంటున్నారు. వరసలో ఉన్నవాళ్ళని నది ముంచదట.

చిట్టచివర రైలు వంతెన నిలబడి ఉంది. స్తంభాలు నీళ్ళలోంచి పీక్కుని, తడి ఓడుతూ, బుద్ధిగా తన వంతు కోసం చూస్తోంది. దాని మీద ప్యాసింజరు రైలు ఒకటి ఆగి ఉంది.

"తమరు ముందెళ్ళండి" అంటుంది వంతెన.

"పర్లేదండీ, మీరు ముందొచ్చారు" అని దాని వెనక నిలబడతాను.

ఇంటి దగ్గర పిల్ల ఒక్కొక్కళ్ళకీ వరస చెబుతోంది. దూరం ఎక్కువ గనుక మాట నోటినోటా అందుకుంటూ వస్తోంది. పెద్దనాన్న. పిన్ని. గేదెకి పెద్దమ్మ. గేదె ఒప్పుకుందట. చాలాసేపటికి ఒక మాట నది మధ్య దాకా వచ్చి వంతెన దగ్గర ఆగుతుంది.

"బాబాయి" అని తనలో తను అనుకుంటుంది వంతెన. ఇనుమంతా గలగలలాడుతుంది.

ఆ వెనకే ఇంకో మాట బయల్దేరింది. ఒడ్డు మీంచి రేవుకి, రేవు మీంచి నీళ్ళకి, మనిషి నుంచి మనిషికి వస్తోంది. కింద పడకుండా ఒకళ్ళకొకళ్ళు రెండు చేతులూ అడ్డం పెట్టి చెవిలో చెప్పుకుంటున్నారు. నది నా పాదాల కింద కాస్త గట్టిపడుతుంది.

వంతెన వెనక్కి తిరిగి మోకాళ్ళ మీద వంగుతుంది. రైలు పక్కకి ఒరుగుతుంది. లోపలి జనం కిటికీ ఊచలు పట్టుకుంటారు. చల్లటి ఇనుము నా చెవికి ఆనుకుంటుంది.

"తమరికేనంటండీ" అంటుంది వంతెన. "అమ్మమ్మంట."

రైల్లోవాళ్ళంతా తలలు బయటపెట్టి, నేనేమంటానో అని చూస్తున్నారు.

"వస్తున్నానమ్మా" అంటాను. వంతెన ఆ మాటని జాగ్రత్తగా అందుకుని, ముందున్నవాళ్ళ చెవిలో వేస్తుంది.