మజీదా పెట్టిన గొళ్ళెం

ఆడపడుచుకు జబ్బు చేస్తే వదినకు అసూయ పుట్టిందంటే ఎవరూ నమ్మరు. పంతొమ్మిది వందల ఎనభై ఎనిమిదిలో కామారెడ్డిలో మజీదాకు ఆ అసూయ పుట్టింది, అదీ మామూలుగా కాదు. ఆడపడుచు తాహేరా రొమ్ములో గడ్డ తీయించుకుని, హైదరాబాదు పెద్దాసుపత్రిలో మూడు వారాలకోసారి కీమో సూది వేయించుకుంటోంది. మొగుడు తాజుద్దీన్ దుబాయిలో ఉన్నాడు. సూది పడ్డ ఒంటితో ఎల్లారెడ్డిలోని అత్తింటి దాకా బస్సు కుదుపులు తట్టుకోలేనని, కామారెడ్డిలో సైకిల్ దుకాణం నడిపే అన్న ముక్తార్ ఇంట్లోనే దిగింది. ఫ్యాను కింది మంచం ఆమెదైంది. మజీదా పడక వంటింట్లోకి మారింది.

పెళ్ళయి ఇన్నేళ్ళలో భార్యకు గ్లాసెడు నీళ్ళయినా అందించని ముక్తార్, చెల్లెలికి బత్తాయి తొనలు ఒలిచి గింజలు తీసి మరీ పెడుతుంటే మజీదా కడుపు మండిపోయేది. తను టైఫాయిడ్‌తో మంచం పట్టినప్పుడు అత్తింటివాళ్ళెవరూ పట్టించుకున్న పాపాన పోలేదు. ఇప్పుడేమో ఎల్లారెడ్డి బస్సులన్నీ చుట్టాలను ఈ ఇంటికే మోస్తున్నట్టుంది. రోగిని పలకరించడం పుణ్యం మరి! పిల్లాజెల్లా, హల్వా డబ్బాలు, దువా చదివి ఊదిన నీళ్ళ సీసాలు. వచ్చినవాళ్ళంతా తాహేరా తల నిమిరేవాళ్ళు. మజీదాను అడిగేది ఒక్కటే, చాయ్ అయిందా అని.

మొదటి సూది తర్వాత అలా వచ్చినవాళ్ళలో దగ్గుతున్న పసివాడొకడు తాహేరా ఒళ్ళోకెక్కి ముద్దు పెట్టాడు. రెండు రోజుల్లో ఆమెకు ఒళ్ళు కాలిపోయే జ్వరం. ఆసుపత్రిలో పడుకోబెట్టారు, రెండో సూది వెనక్కి పోయింది. డాక్టరమ్మ ముక్తార్‌ను కూర్చోబెట్టి విడమరిచి చెప్పింది. ఈ మందు వేగంగా పెరిగే కణాలను చంపుతుంది. క్యాన్సర్ కణాలే కాదు, జుట్టు కుదుళ్ళూ, నోటి లోపలి పొరా, రక్తం తయారుచేసే కణాలూ వేగంగానే పెరుగుతాయి. మందుకు తనా పరా లేదు. అందుకే జుట్టు రాలుతుంది, నోరు పూస్తుంది, రోగాలతో పోరాడే తెల్లకణాలు పడిపోతాయి. అవి మళ్ళీ పెరిగేదాకా జనం దగ్గరికి రాకూడదు. పెరగకపోతే సూది వేయరు. సూది ఆలస్యమైనకొద్దీ మిగిలి ఉన్న జబ్బుకు బలం వస్తుంది.

ముక్తార్ ఇంటికొచ్చి ఇదంతా అప్పజెప్పాడు. కానీ పలకరించడానికి వచ్చినవాళ్ళను గడపలోంచి తిప్పి పంపడం వాళ్ళ ఇంటా వంటా లేదు. ఏ మొహం పెట్టుకుని వద్దనాలని తల పట్టుకున్నాడు.

రెండో సూది పడ్డ మరుసటి వారం తాహేరా అత్త జులేఖాబీ పదిమందిని వెంటేసుకుని దిగింది. గుమ్మంలో ఉన్న మజీదాకు సలాం కూడా లేదు. చేతిలోని టిఫిన్ డబ్బా పనిమనిషికి ఇచ్చినట్టు ఇచ్చి, వేడి చేసుకురమ్మంది. మజీదాకు కోపం నషాళానికంటింది. డబ్బా అరుగు మీద పెట్టేసి, తాహేరా గది తలుపు లాగి గొళ్ళెం పెట్టి, దానికి వీపు ఆనించి నిలబడింది.

"ఎవ్వరు లోపటికి పోవద్దు. డాక్టరమ్మ జెప్పింది."

"డాక్టరమ్మ గాదు, నీ కండ్లమంట. మా పిల్లను నలుగురు జూస్తుంటె ఓర్వలేకపోతున్నవ్," అంది జులేఖాబీ.

అది నిజమే కాబట్టి మజీదా ఇంకా గట్టిగా నిలబడింది. డాక్టరమ్మ మాట ఆ క్షణాన చేతికి దొరికిన కర్ర, అంతే. చాయ్ కూడా పోయలేదు. ఆ సంగతి సాయంత్రం బస్సులో ఎల్లారెడ్డి చేరింది, మళ్ళీ ఎవరూ ఇటు రాలేదు. ముక్తార్ భార్యతో మాటలు మానేశాడు.

ఇల్లు ఖాళీ అయ్యాక తాహేరాకు మజీదాయే దిక్కయింది. నోటినిండా పుండ్లతో ఏమీ మింగలేకపోతుంటే గంజి చల్లార్చి చెంచాతో తాగించేది. ఒక మధ్యాహ్నం తల దువ్వబోతే జడ సగం చేతిలోకి వచ్చేసింది. నడుం దాటే ఆ జడను చూసి మజీదా కుళ్ళుకోని రోజు లేదు. ఇప్పుడు కూడా ముందు కలిగింది సంతోషమే, దాపరికమెందుకు. ఆ వెంటనే తనను చూసి తనకే భయమేసింది. తాహేరా కంట పడకుండా ఆ వెంట్రుకలను కొంగులో మూటగట్టి పెరట్లో పాతిపెట్టింది.

ఈసారి రక్తపరీక్షలో తెల్లకణాలు సరిపోయాయి. మూడో సూది అనుకున్న రోజునే పడింది. ముక్తార్ హైదరాబాదు నుంచి పొంగిపోతూ వచ్చాడు. మజీదాకున్న తెలివి మనకెవరికీ లేకపోయిందని మెచ్చుకున్నాడు. బత్తాయి ఒలిచి మొదటి తొన భార్యకే ఇచ్చి దుకాణానికి పోయాడు. ఎన్నాళ్ళనుంచో కోరుకున్న ఆ తొన మజీదా చేతిలోనే ఉండిపోయింది.

"భాభీ, నువ్వు డాక్టరమ్మ మాట ఇని గొళ్ళెం పెట్టలే. కుళ్ళుతోని పెట్టినవ్. నాకెరికనే," అంది తాహేరా.

మజీదా తల వంచుకుంది.

"నామీద పావురం, ప్రేమ ఉన్నోళ్ళంత గల్సి నన్ను సంపుతుండిరి. ఇంక మూడు సూదులున్నయి. గప్పటిదాంక నువ్వు జర కుళ్ళుకుంటనే ఉండు."

అంతలో బయట రిక్షా ఆగింది. ఎవరో తాహేరా పేరు పెట్టి పిలిచారు. మజీదా తొన నోట్లో వేసుకుని, లేచి వెళ్ళి తలుపుకు గొళ్ళెం పెట్టింది.