వాన అడగడానికి అస్తోర్గాకి

దుమ్ము.

నాలుక మీద దుమ్ము, కనురెప్పల మీద దుమ్ము, మరియ తల్లి పల్లకీ మీద కూడా దుమ్మే...

జనవరి నుంచి వాన లేదు. వాన లేని ఏడు ఈ తల్లి, కాస్త్రోతియెర్రా మాత, కొండ దిగుతుంది. ఊళ్ళన్నీ తమ తమ ధ్వజాలెత్తుకుని ఆమె వెంట అస్తోర్గా నగరం దాకా నడుస్తాయి. కోట గోడల వెనక పెద్ద గుడిలో ఆమెను తొమ్మిది రోజులు ఉంచుకుని ఒక్కటే అడుగుతారు—

వాన.

బెనిల్డె నడుముకి తోలు పట్టా. అందులో దిగిన ధ్వజం కర్ర పదకొండు మీటర్లు. దాని చివర ఎర్ర పట్టు, ఎక్కడో పిట్టలు ఎగిరే ఎత్తులో.

వాళ్ళ ఊరు వాల్దెసెకా. తాళం పడని ఇళ్ళు నాలుగు. ధ్వజం ఎత్తి పదమూడేళ్ళయింది. ఈసారీ ఎత్తకపోతే ఊరి పేరు ఇక ఎవరూ తలవరని బెనిల్డె భయం. ధ్వజం నిలబడి నగరంలోకి వెళితేనే ఊరు ఉన్నట్టు. దారిలో పడిందా— ఊరూ పడినట్టే.

ధ్వజానికి తాళ్ళు రెండు. గాలి ఎటు తోస్తే దానికి ఎదురు లాగాలి. ముందు తాడు పిన్ని కసిల్దా పట్టుకుంది, డెబ్బై రెండేళ్ళ వయసులో. వెనక తాడుకి మనిషి లేడు.

బెనిల్డె దాన్ని తన నడుముకే కట్టుకుంది.

"నీ తెలివి తెల్లారినట్టే ఉందే! అది పడితే నిన్నూ లాక్కుపోతుంది."

"పోనీ పిన్నీ. నేనూ ధ్వజమూ కలిసే పడతాం."

"మీరిద్దరూ పడితే ఈ ముసలిదాన్ని ఎవరు లేపుతారే?"

కొరివితో తల గోక్కోవడమే అది. బెనిల్డెకీ తెలుసు. కానీ ఏం చేస్తుంది?

నడిచారు. గింజ పట్టని గోధుమల మధ్య నుంచి, నెర్రెలిచ్చిన చిక్కుడు మడుల మధ్య నుంచి... తెలెనో కొండ మీద మే నెలకే మంచు లేదు. పిట్టలు మాత్రం పాడుతున్నాయి. వాటికేం తెలుసు.

మధ్యాహ్నానికి అస్తోర్గా కనిపించింది. మిట్ట మీద గోడలు, గోడల పైన గులాబి రాతి గోపురాలు, ఎక్కడో చాక్లెట్ కాస్తున్న వాసన. ఎన్నిసార్లు వచ్చినా ఆ ఎత్తు చూస్తే బెనిల్డెకి ఏదో అడగాలనిపిస్తుంది.

గోడ మూల దగ్గర గాలి కొట్టింది.

ఎర్ర పట్టు ఒక్కసారిగా విచ్చుకుంది. కర్ర ముందుకి వంగింది. ఇంకా ముందుకి... వెనక నుంచి లాగడానికి ఎవరూ లేరు. బెనిల్డె మోకాలు నేలకి తాకింది. పిన్ని కెవ్వుమంది.

అప్పుడు వెనక తాడు బిగిసింది.

ఎవరో దాన్ని రెండు చేతులా దొరకబుచ్చుకుని, మడమలు దిగేసి, లాగుతున్నారు.

"లే, బెనిల్డె! నడుం నిలబెట్టు!"

ఆ గొంతు ఆమెకి తెలుసు. పై ఊరి తీర్సో. పోయిన ఆగస్టులో, ఆమె నీటి వంతు రోజున, కాలవకి అడ్డంగా రాళ్ళు వేసినవాడు. ఆమె చిక్కుళ్ళు ఎండిపోతుంటే గట్టు మీద నిలబడి చూసినవాడు. అప్పటి నుంచీ రెండిళ్ళూ ఉప్పూ నిప్పూ.

"వదలరా! నీ చెయ్యి మాకొద్దు!" అంది పిన్ని.

"తిట్టత్తా, తిట్టు. తిడుతూనే ఆ తాడు కాస్త వదులు చెయ్యి!"

కర్ర లేచింది. ముగ్గురూ ఆ మిట్ట ఎక్కారు. ఎర్ర పట్టు కోట గోడ దాటింది. నిలబడే దాటింది. జనంలో ఎవరో "వాల్దెసెకా!" అని కేక పెట్టారు. పదమూడేళ్ళ తర్వాత ఆ పేరు ఆ రాళ్ళ మధ్య వినిపించింది.

బెనిల్డెకి కృతజ్ఞత పుట్టింది. వద్దనుకున్నా పుట్టింది. కోపం పోకుండానే పుట్టింది. రెండూ ఒకే గుండెలో ఎలా ఇమిడాయో ఆమెకి తెలియలేదు.

పెద్ద గుడి ముందు ధ్వజాన్ని గోడకి చేర్చాక చూసింది. తీర్సో గుప్పిళ్ళు విప్పడం లేదు. ఆమే ఒకటి విప్పింది. తాడు ఒరుసుకుని అరచేతి తోలు ఊడిపోయింది.

"ఆ కాలవలో రాళ్ళు..." అని మొదలుపెట్టాడు.

"మాట్లాడకు."

సీసా మూత తీసింది. పొద్దుటి నుంచి దాచుకున్న నీళ్ళు. ఆ చేతి మీద పోసింది. మెల్లగా, సన్నగా... దుమ్మూ నెత్తురూ కలిసి వేళ్ళ సందుల్లోంచి రాళ్ళ మీదికి కారాయి.

"చాల్లే. నువ్వు తాగు," అన్నాడు తీర్సో.

గుడి లోపల వాన ప్రార్థన మొదలైంది. ఆకాశంలో ఒక్క మబ్బూ లేదు.

ఆమె పోస్తూనే ఉంది.