బాబూరావు టైము

నేను ఒక గోడ గడియారాన్ని. శుభవార్త వచ్చిన సోమవారం పొద్దున నేనింకా మెరుపు కాగితం చుట్టుకుని హైమ మంచం కింద ఉన్నాను. "ఏవండీ, ఒప్పుకున్నారు! కెన్యా వాళ్ళు ఒప్పుకున్నారు!" అని ఆవిడ ఫోను పట్టుకుని అరిచిన అరుపుకి వంటింట్లో పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. మొగుడూ పెళ్ళాలిద్దరూ పాల సంగతి వదిలేసి నా మంచం చుట్టూ గిరగిరా తిరిగారు. పెళ్ళయి ఇరవై రెండు రోజులే అయింది లెండి.

నాకు మొదటినుంచీ కుదురు లేదు. గుజరాత్‌లో ఒక షెడ్డులో ఒక అమ్మాయి నాకు సెకన్ల ముల్లు తగిలించిన క్షణం నుంచి పరుగే. కుదురుగా ఉన్న రోజున నన్ను బయట పారేస్తారు. లారీలో పలాస చేరాను. అక్కడ కొట్లో నన్ను కొన్నవాళ్ళు నా ముఖం మీద, పన్నెండంకె కింద, ఎర్ర అక్షరాలతో 'శుభాకాంక్షలతో, బాబూరావు అండ్ ఫ్రెండ్స్' అని రాయించారు. పెళ్ళికి ఏమివ్వాలో తోచనప్పుడు మనుషులు కాలాన్ని ఇస్తారు. హైమ పెళ్ళికి అలాంటి కాలాలు తొమ్మిది వచ్చాయి.

"ఇంటికి ఒకటి చాలు. మిగతావాటిని ఏం చేస్తాం?" అన్నాడు హైమ మొగుడు దిలీప్.

"తలా ఒక దేశం ఇస్తాను," అంది హైమ.

జీడితోటల మధ్య ఉన్న ప్రాథమికోన్నత పాఠశాలలో ఆవిడ టీచరు. దూరదేశాల గురించి పాఠం చెప్పడం కన్నా అక్కడి పిల్లల చేతే చెప్పించడం మేలని ఆవిడ పట్టుదల. ఎన్నో బళ్ళు అలా చేస్తున్నాయని చదివి, నాలుగు నెలలుగా ఊరూరికీ ఉత్తరాలు రాస్తోంది. చివరికి కెన్యాలో ఒక బడిలో పనిచేసే అచియెంగ్ టీచరు జవాబిచ్చింది. బుధవారం, వాళ్ళ టైము పదింటికి, రెండు బళ్ళ ఏడో తరగతులూ వీడియోలో మాట్లాడుకోవాలి.

ఆ మధ్యాహ్నమే మేం ముగ్గురం ఏడో తరగతి గోడకెక్కాం. సుగుణ పిన్ని ఇచ్చిన గడియారం జపాను అయింది. పెదమావయ్యగారిది ఫిన్లాండు. నేను కెన్యాని. నా ముళ్ళని హైమ రెండున్నర గంటలు వెనక్కి తిప్పింది. దేశాల పేర్లు పిల్లలకి నోరు తిరిగేలోపే మా మీది పేర్లు నోటికొచ్చేశాయి. "ఒసే, బాబూరావు టైము ఎంతే? ఆళ్ళింకా బడికి రానేదా?" అని ఒకరినొకరు అడిగేవాళ్ళు. పెళ్ళికి పులిహోర తిని వెళ్ళిన బాబూరావు ఒక దేశమైపోయాడని ఆయనకి ఎవరు చెబుతారు?

హెడ్మాస్టరు గవరయ్య గారు మాత్రం తన చేతి గడియారాన్ని తప్ప దేన్నీ నమ్మరు. "ముందు మన టైముకి మన పిల్లలు రావడం నేర్పించమ్మా. కెన్యా టైము తర్వాత చూద్దాం," అన్నారు. అన్నా, బీరువాలోంచి ట్యాబు తీసిచ్చారు.

బుధవారం నాడు హైమని మండలంలో శిక్షణకి రమ్మన్నారు. పోకపోతే కుదరదు. "బాబూరావు పది చూపించగానే ఈ బొమ్మ నొక్కండి, అంతే," అని పిల్లలకి పదిసార్లు చెప్పి, మనసు ఇక్కడ పెట్టి బస్సెక్కింది.

ఆ పొద్దునే తవిటమ్మ సెలవు నుంచి వచ్చింది. బడి ఊడ్చేది, గంట కొట్టేది ఆవిడే. తలుపు తీసి మా వైపు చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "ఒలమ్మ! మూడూ మూడు టైములు సూపిస్తన్నాయేటి!" అంటూ బల్లెక్కింది. చీర చెంగుతో నా ముఖం తుడిచి, "పాపం, నువ్వు మరీ ఎనకబడిపోనావు," అని నన్ను రెండున్నర గంటలు ముందుకి తిప్పింది. మిగతా ఇద్దరినీ సరిచేసింది. ఇన్ని చేతులు మారాను, అంత ప్రేమగా నన్నెవరూ తాకలేదు. వద్దని అరవాలనిపించింది. నాకున్నది టిక్కు ఒక్కటే.

నా ముళ్ళు పది చూపించాయి. యామిని అనే పిల్ల ట్యాబు మీద వేలు పెట్టింది.

"మన టైముకి పన్నెండున్నర అవ్వాల కదే? ఇంకా అన్నం గంటే కొట్టనేదు," అన్నాడు వెనక నుంచి చక్రి.

"టీచరు గడియారం సూడమన్నారు గానీ నీ కడుపు సూడమన్నారేటి?" అంది యామిని, నొక్కేసింది.

అక్కడ అప్పుడు ఏడున్నర. బడికి తాళం. అరగంట సేపు నొక్కుతూనే ఉన్నారు. పిల్లలు కాగితాల మీద ప్రశ్నలు రాసుకున్నారు. 'మీ బడిలో గంట ఎవరు కొడతారు?' అన్నది యామిని ప్రశ్న. ఆ పిల్ల దాన్ని నాలుగు మడతలు పెట్టి, "ఆళ్ళకి మనం నచ్చనేదు," అంది.

గవరయ్య గారికి కోపమొచ్చింది. పిల్లల ముఖాలు చూసి వచ్చిన కోపం అది. "ఇంక చాలు," అని ట్యాబునీ మమ్మల్నీ కలిపి బీరువాలో పడేసి తాళం వేశారు.

సరిగ్గా పన్నెండున్నరకి ట్యాబు మోగింది. బయట కంచాల చప్పుడు, సాంబారు కోసం కేకలు. లోపల చీకట్లో, నా పక్కనే, కెన్యా మోగుతోంది. ఆగి, మళ్ళీ మోగింది. పదకొండుసార్లు. నా సెకన్ల ముల్లు కొట్టుకున్నంతగా ఏ గుండే కొట్టుకుని ఉండదు.

గురువారం పొద్దున హైమ ఎర్రబడ్డ కళ్ళతో వచ్చి బీరువా తెరిచింది. ఆ పదకొండు పిలుపులూ చూసింది. నన్ను చూసి తన చేతి గడియారం చూసుకుంది. రెండూ ఒకటే చెబుతున్నాయి.

"దీన్నెవరు ముట్టుకున్నారు?"

తవిటమ్మ చీపురు కింద పెట్టింది. "నానేనమ్మా. తప్పు సూపిస్తందని దిద్దినాను. ఎవులైనా వొస్తే బడి పరువేటైపోద్ది?"

ఎవరూ కోప్పడలేదు. యామినే ఆవిడ చెయ్యి పట్టుకుని చెప్పింది. ఇక్కడ పొద్దున తొమ్మిదైతే కెన్యాలో ఆరున్నరేనని, అది కెన్యా టైమేగాక కువైట్ టైము కూడానని.

తవిటమ్మ కూతురు గౌరి కువైట్‌లో ఒకరింట్లో పనిచేస్తోంది. "నాను పొద్దున ఆరింటికి ఫోను సేస్తే ఆడ ఎంతవుద్ది?" అని ఆవిడ అడిగింది.

"మూడున్నర, తెల్లారగట్ట."

తవిటమ్మ బల్ల మీద కూలబడింది. "రోజూ నిద్దరగొంతుతో మాటాడతాది. పిల్లకి బద్దకం అలవాటైపోనాదని తిట్టినాను. ఒక్కనాడూ సెప్పనేదమ్మా అది, ఇంకా తెల్లారనేదని."

హైమ అచియెంగ్ టీచరుకి జరిగింది జరిగినట్టు రాసింది. మా తవిటమ్మ మీ దేశాన్ని ప్రేమగా సరిచేసింది, మన్నించండి అంది. మధ్యాహ్నం దాకా జవాబు లేదు. పిల్లలు ఒక లెక్కా చేయలేదు. యామిని బడి అయ్యేలోపు ట్యాబు దగ్గరికి ఎన్నిసార్లు వచ్చిందో నేనొక్కణ్ణే లెక్కపెట్టాను. పద్నాలుగు.

ఆఖరి గంటకి పది నిమిషాల ముందు జవాబు వచ్చింది. హైమ చదివి వినిపిస్తూ నవ్వు ఆపుకోలేకపోయింది. సంగతి విని వాళ్ళ పిల్లలు చప్పట్లు కొట్టారట. రేపు మళ్ళీ అదే టైముకి కూర్చుంటారట, ఒక్క షరతు మీద. తవిటమ్మ ముందు వరసలో ఉండాలి.

"నానా? నాను ఆడ కూకుంటే మరి గంటెవులు కొడతారు?" అంది తవిటమ్మ.

అందరూ గవరయ్య గారి వైపు చూశారు. ఆయన నన్ను తెచ్చి తవిటమ్మ చేతిలో పెట్టారు. ఆవిడ నా వెనక మర పట్టుకుని, యామిని చెబుతుంటే, నన్ను రెండున్నర గంటలు వెనక్కి తిప్పింది. మేకుకి తగిలించి, "ఇంక నిన్ను ముట్టుకుంటే ఒట్టు," అంది.

గవరయ్య గారు తన చేతి గడియారం చూసుకున్నారు. తర్వాత, మొదటిసారి, నా ముళ్ళ వైపు చూశారు.

"రేపు అన్నాలు ఆలస్యం," అని ప్రకటించారు. "బాబూరావు టైము పదింటికి అందరూ ఈ గదిలో ఉండాలి. గంట నేను కొడతాను."