అట్టపెట్టెల మంచం

ఆదివారం పొద్దున్నుంచీ సర్దుడక్క కాలు కాలిన పిల్లిలా ఇల్లంతా తిరుగుతోంది. సోఫా మీది దిండు తీసి కుర్చీలో పెట్టింది. కుర్చీలోది తీసి మళ్ళీ సోఫా మీద పడేసింది. గోడ గడియారం వంకరగా ఉందని సరిచేసి, నాలుగడుగులు వెనక్కేసి చూసుకుని, ఇందాకే నయమని మళ్ళీ వంకర చేసింది.

"కాసేపు కూర్చోవే తల్లీ, నిన్ను చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అన్నాడు మొగుడు, పేపరు వెనకనుంచి.

"మీ చెల్లెలు చేసిన పనికి కూర్చోవడం కూడానా?"

"అదిగో, నన్ను మధ్యలోకి లాగకు." పేపరు ఇంకాస్త పైకి లేచింది.

సర్దుడక్క అన్నది అమ్మానాన్నా పెట్టిన పేరు కాదు లెండి, బ్రోకర్లు పెట్టింది. ఖాళీ ఇల్లు అమ్ముడుపోవాలంటే దాన్ని ముస్తాబు చేయాలి. బోసిగా ఉన్న గదిలోకి తీసుకెళ్తే కొనేవాడికి గోడ మీద మేకు గుంతలే కనిపిస్తాయి. అదే గదిలో ఓ సోఫా, ఓ దీపం, కిటికీకి ఓ తెర పెట్టి చూడండి, సాయంత్రం పూట అక్కడ కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టు వాడికి వాడే కనిపిస్తాడు. ఆ పని ఆవిడది. గోడౌన్ నిండా సోఫాలూ దీపాలూ తెరలూ పెట్టుకుని, ఇంటికి తగ్గట్టు తోలించి సర్దుతుంది. ఇల్లు అమ్ముడుపోగానే అన్నీ వెనక్కి తెచ్చుకుంటుంది. మొగుడు వ్యాను నడుపుతాడు. ఏళ్ళ తరబడి చల్లగా సాగిన బతుకు.

ఈమధ్యే దాపురించింది ట్రైనింగు కంపెనీ. వారం తిరక్కుండా మిమ్మల్ని ఇంటి ముస్తాబు నిపుణుల్ని చేసిపారేస్తామని గోడలన్నీ వాళ్ళ పోస్టర్లే. చివర్రోజున మెడలో రిబ్బను, చేతిలో సర్టిఫికెట్టు, దాని మీద అరచెయ్యంత బంగారు రంగు సీలు! అంతటితో ఆగితే ఎవరి డబ్బులు వాళ్ళిష్టం అని ఊరుకోవచ్చు. కానీ 'అనుభవం వచ్చేదాకా ఊరికే చేసిపెట్టండి' అని వాళ్ళందర్నీ బ్రోకర్ల మీదికి తోలింది కంపెనీ. ఊరికే చేస్తామని మనుషులు గుమ్మంలో బారులు తీరితే, డబ్బిచ్చి సర్దుడక్కని పిలవడానికి బ్రోకర్లకేమైనా పిచ్చా? ఒక్కొక్కరే జారుకున్నారు. ఒక్క పెద్ద బ్రోకరు మిగిలాడు.

ఇంతకీ అక్కడ పాఠాలు చెప్పే ట్రైనర్ మేడమ్ ఎవరయ్యా అంటే, నిరుడు 'పని నేర్చుకుంటానక్కా' అని వచ్చి, నాలుగు రోజులు సర్దుడక్క వెనకాల తిరిగి, ఓ మధ్యాహ్నం భోజనానికని వెళ్ళి మళ్ళీ మొహం చూపించని మహాతల్లి. కంపెనీ కరపత్రం మీద ఓ పడగ్గది ఫొటో వేశారు. అది సర్దుడక్క ముస్తాబు చేసిన గది! ఆ లేతనీలం దుప్పటి ఆవిడది, మూలనున్న పచ్చకుర్చీ ఆవిడది. సరిగ్గా మంచం నడిమధ్యన మాత్రం కంపెనీ వాళ్ళ బంగారు సీలు అచ్చేసుకున్నారు. అది చూసిన రోజున ఆవిడకి అన్నం సయించలేదు.

ఆ కరపత్రం తెచ్చి చూపించిందెవరనుకున్నారు? సొంత ఆడపడుచు. సన్నగా ఉండి గలగలా వాగుతూనే ఉంటుందని అందరూ పిచ్చుక అంటారు. కొట్లో కౌంటరు దగ్గర పనిచేసేది, కొట్టు మూతపడి ఇంట్లో కూర్చుంది. అంతకుముందు రెండు మూడుసార్లు, "వదినా, నన్నూ నీతో తీసుకెళ్ళవూ?" అని అడిగింది. "చూద్దాంలే," అంది సర్దుడక్క. ఇద్దరికి సరిపడా పని ఎక్కడేడ్చింది! మళ్ళీ అడిగితే అప్పుడు చూసుకోవచ్చులే అనుకుంది. పిచ్చుక మళ్ళీ అడగలేదు. కంపెనీలో చేరింది. రిబ్బను వేయించుకుంది. నేరుగా వెళ్ళి ఆ మిగిలిన ఒక్క బ్రోకరునీ పట్టుకుంది.

"మీ ఇంటి పిల్లే ఊరికే చేస్తానంటుంటే కాదని ఎలా అంటానమ్మా?" అన్నాడు బ్రోకరు ఫోన్లో. "ఆదివారం ఇల్లు చూపిస్తున్నాం. అది అమ్ముడుపోయిందా, ఇకమీదట నా ఇళ్ళన్నీ ఆ అమ్మాయికే. పోలేదా, మళ్ళీ మీ గుమ్మమే తొక్కుతాను."

ఆ ఆదివారం ఇదే. ఈయన కూడా చేజారితే గోడౌన్ ఖాళీ చేసి, సోఫాలు తూకానికి ఇచ్చేసుకోవడమే. అందుకని ఆ ఇల్లు అమ్ముడుపోకూడదు. పొద్దున్నుంచీ సర్దుడక్క కోరుకుంటున్నది అదొక్కటే, సిగ్గూ ఎగ్గూ లేకుండా కోరుకుంటోంది.

"కొత్తిమీర తెస్తాను," అని చెప్పులు వేసుకుంది.

"ఫ్రిజ్‌లో ఉందిగా?"

"వాడిపోయింది," అని తలుపు దడాలున వేసి వెళ్ళిపోయింది.

అమ్మకానికి పెట్టిన ఆ ఇల్లు మూడో అంతస్తులో. లిఫ్టు లేదు, మెట్లు ఇద్దరు పక్కపక్కన ఎక్కలేనంత ఇరుకు. గుమ్మంలో బ్రోకరు ఆవిణ్ణి చూసి నీళ్ళు నమిలాడు. "మీరా... రండి రండి. చూడ్డానికేగా?"

"మా ఆడపడుచు కదండీ. చూడొద్దూ?"

"వదినా! వచ్చావా!" పిచ్చుక పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది. మెడలో రిబ్బనూ, ఇస్త్రీ మడత నలగని చొక్కానూ. మొహం వెలిగిపోతోంది. నిజంగానే సంతోషించింది పిచ్చిమొహం, అదే సర్దుడక్కకి ఎక్కడో కలుక్కుమంది.

హాలు బాగానే ఉంది. అది ఒప్పుకోవడానికి ఆవిడకి ప్రాణం మీదికొచ్చింది. తర్వాత పడగ్గదిలోకి వెళ్ళి నిలబడిపోయింది. కరపత్రంలో గదిని ఊడబెరికి తెచ్చి ఇక్కడ పెట్టినట్టుంది. అదే లేతనీలం, అదే తెర, అదే మూలలో పచ్చకుర్చీ, దాని వీపు మీద అడ్డంగా వేసిన అలాంటి శాలువానే.

"మూలన కుర్చీ ఏటవాలుగా వేస్తే గదికి హుందాతనం వస్తుందని మా మేడమ్ చెప్పారు," అంది పిచ్చుక.

హుందాతనమా, పాడా! ఫొటోలో ఉన్న ఇంట్లో ఆ మూల గోడలోంచి పైపు పొడుచుకొచ్చింది. వచ్చినవాళ్ళ మోకాళ్ళకి తగలకుండా ఉండాలని సర్దుడక్క కుర్చీ అడ్డం వేసింది. ఇక్కడ పైపూ లేదు, ఏమీ లేదు. కుర్చీ అడ్డమై కిటికీ తలుపు మాత్రం సగమే తెరుచుకుంటోంది. ఆవిడకి నవ్వాగలేదు. నవ్వుతూనే మంచం వైపు చూసింది. కాళ్ళవైపు దుప్పటి అంచు కాస్త లేచి, కింద గోధుమరంగు అట్ట కనిపించింది.

నవ్వు ఆగిపోయింది.

అట్టపెట్టెలు. ఇరుకు మెట్ల ఇళ్ళలోకి మంచం ఎక్కించడం కుదరనప్పుడు ఆవిడ చేసే పనే అది. ఖాళీ పెట్టెలు పేర్చి, పైన పల్చటి పరుపు వేసి, దుప్పటి నేలదాకా దింపితే చూసేవాళ్ళకి మంచమే. కానీ కూర్చుంటే మాత్రం పుట్టి మునుగుతుంది. అందుకే చివర్లో దాని మీద ట్రే పెడుతుంది, రెండు కప్పులూ ఓ పుస్తకమూ వేసి. 'కూర్చోరాదు' అని బోర్డు పెడితే మంచం ఉత్తుత్తిదని తెలిసిపోతుంది. ట్రే ఉంటే ఎవరూ చెప్పక్కర్లేదు, మనిషి తనంతట తనే పక్కకి జరుగుతాడు. ఆ ట్రైనర్ మేడమ్ పెట్టెలు పేర్చడం దాకా చూసింది, ట్రే పెట్టేవేళకి భోజనానికి పోయింది. ఇక ఫొటోలో? ఫొటోలో ట్రే ఉన్న చోటే కదూ ఆ దిక్కుమాలిన సీలు అచ్చేశారు!

పిచ్చుక అన్నీ చూసి చూసి అచ్చుగుద్దినట్టు దింపింది. కనిపించని ట్రేని ఎక్కణ్ణుంచి దింపుతుంది?

చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. నోటిదాకా వచ్చింది. సరిగ్గా అప్పుడే గుమ్మంలో చప్పుడైంది. కొనేవాళ్ళొచ్చారు, ఓ మొగుడూ పెళ్ళామూ, వాళ్ళతో చేతికర్ర పట్టుకుని ఆయన తల్లి. పిచ్చుక ఎదురెళ్ళింది. సర్దుడక్క నోరు కట్టేసుకుని గోడకి జరిగింది. ఇల్లు అమ్ముడుపోకూడదనేగా పొద్దున్నుంచీ కోరుకున్నది? నోరు మూసుకుంటే చాలు, బ్రోకరు మళ్ళీ తన గుమ్మానికొస్తాడు.

"అత్తయ్యా, ఈ గది మీకు. వెలుతురు చూడండి!" అంటోంది కోడలు. వాళ్ళకి నచ్చేసింది, తెలుస్తూనే ఉంది.

"వెలుతురు సరేనమ్మా, మూడంతస్తులెక్కేసరికి నా కాళ్ళు పీక్కుపోతున్నాయి," అంది ముసలావిడ. పచ్చకుర్చీ వైపు చూసింది. శాలువా అంత పద్ధతిగా వేసి ఉంటే నలుగుతుందనుకుందేమో, మంచం వైపు తిరిగింది. సర్దుడక్క పైకప్పు వైపు చూసింది. చూడలేక మళ్ళీ దించింది. ముసలావిడ అటు వీపు పెట్టి, కర్ర ముందుకి ఊని, రెండో చెయ్యి వెనక్కి చాపి మంచం కోసం తడుముకుంటోంది. కంటితో చూడకుండానే అక్కడ మంచం ఉందని నమ్మేసిన చెయ్యి అది.

"కూర్చోకండమ్మా!"

ఒక్క అంగలో వెళ్ళి ఆవిణ్ణి రెండు చేతులా పట్టుకుంది. కర్ర ఠంగుమని నేల మీద పడింది. కొడుకు వంగి పరుపు నొక్కాడు. ఫట్‌మని చెయ్యి మోచేతిదాకా దిగబడింది.

"ఇదేమిటిది? అట్టపెట్టెలా?" ఆయన మొహం ఎర్రబడింది. "మంచమే దొంగదైతే, ఇక పైపులూ వైర్లూ ఏం నమ్మమంటారు? పదమ్మా, పద!"

వాళ్ళు దిగిపోయారు. బ్రోకరు సర్దుడక్క మీద విరుచుకుపడ్డాడు. "కావాలనే వచ్చారు కదూ? చల్లగా పక్కకి పిలిచి కుర్చీ వేస్తే సరిపోయేది. ఇల్లెగిరిపోయేలా అరవాలా?"

"ఆవిడ పడి తుంటి విరిగితే?"

"పడలేదుగా! అయినా ఇది వచ్చినప్పుడే మీ కంటపడి ఉండాలే. ముందే ఎందుకు చెప్పలేదు?"

సర్దుడక్క వంగి దుప్పటి అంచు కిందికి లాగింది. పిచ్చుక తలెత్తలేదు.

"పన్నెండింటికి ఇంకో జంట వస్తున్నారు. ఈలోగా దీన్నేదైనా చేసి తగలడండి," అని ఆయన విసవిసా కిందికి పోయాడు.

పిచ్చుక నలిగిన పరుపు మీద చెయ్యి వేసి నిలబడింది.

"వదినా, నువ్వు ముందే చూశావు కదూ?"

"చూశాను."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు ఓడిపోవాలని." చెప్పేసింది. దాస్తే ఇంకా రోత. "నా పని నాకు తిరిగి రావాలని."

"మరి ఎందుకరిచావు?"

"ఆవిడ చెయ్యి చూశాక నావల్ల కాలేదే."

పిచ్చుక కళ్ళు తుడుచుకుంది. "నేను ముందు నిన్నే అడిగాను. చూద్దాంలే అన్నావు. వాళ్ళు రమ్మన్నారు." ముక్కు ఎగబీల్చింది. "వాళ్ళు నాకు ఇంకా ఏమేం చెప్పలేదు వదినా?"

సర్దుడక్క గదంతా ఓసారి చూసింది. "వంటింట్లో ట్రే ఉందా?"

"ఉంది."

"పట్టుకురా. రెండు కప్పులూ తే. ముందు ఆ చిరిగిన పెట్టె మార్చాలి, ఇటు పట్టు."

పన్నెండింటికి బ్రోకరు కొత్త జంటని వెంటబెట్టుకుని వచ్చేసరికి, పిచ్చుక గుమ్మంలోనే వాళ్ళని ఆపింది. "ఇది చూపించడానికి పెట్టిన మంచమండీ, మెట్లు ఇరుకని అసలుది తేలేదు. అలసిపోయుంటే ఇలా కూర్చోండి." శాలువా తీసి పక్కన పడేసి పచ్చకుర్చీ ముందుకి లాగింది. కుర్చీ జరగ్గానే కిటికీ తలుపు పూర్తిగా తెరుచుకుంది.

బ్రోకరు కళ్ళురిమాడు. "ఎవరు చెప్పమన్నారు ఇదంతా?"

"ఎవరూ చెప్పమనలేదు సార్." పిచ్చుక మెళ్ళో రిబ్బను తీసి జేబులో కుక్కుకుంది. "ఈ గది మా వదినది. ఫొటో చూసి దింపాను. సగమే దింపగలిగాను."

బ్రోకరు ఆమెనీ, మంచం పక్కన నిలబడ్డ సర్దుడక్కనీ మార్చి మార్చి చూశాడు. జంటలో ఆవిడ కుర్చీలో కూర్చుని కిటికీలోంచి బయటికి చూస్తోంది, లేచేలా లేదు.

"సాయంత్రం ఫోన్ చేస్తాను," అన్నాడు బ్రోకరు. ఎవరికి చేస్తాడో చెప్పలేదు.

సర్దుడక్క వంగి, ట్రేలో కప్పు పిడి కాస్త పక్కకి తిప్పింది. నచ్చలేదు. మళ్ళీ తిప్పింది.