ముసలమ్మ మూగనోము

మూగనోము పట్టినట్టున్నాయి ఏడింటికి ఏడు చేపలూ, ఇవాళ్టికి నాలుగో రోజు, ఒక్కటంటే ఒక్క టక్ మన్న చప్పుడు లేదు, పొద్దున వానపాములు వేస్తే ఎగబడి తిన్నాయి కదా, తింటే మాత్రం ఏం, పోయే చేప కూడా తింటుందిరా, చేప సంగతి కన్ను కాదు చెవి చెప్పాలి అనేవాడు దర్వీస్ మామ, వెదురు ముంచడం నేర్పిందీ వినడం నేర్పిందీ ఆ మామే, అనుకుంటూ మహ్యుదీన్ గాజుతొట్టి ముందు పీట మీద కూచుని నీళ్ళ మీదికి ఇంకోసారి చెవి వంచాడు, ఏమీ లేదు, నారింజ ఒళ్ళు, మూడు నల్లపట్టీలు, ఎర్రతోకలు, అన్నీ ఉన్నాయి, నీళ్ళలోని కొయ్యదుంగ కింద అన్నింటిలోకీ పెద్దది, ముసలమ్మ, పక్కకు ఒరిగి పడుకుంది, కొత్తవాళ్ళు చూస్తే చచ్చిపోయిందని కేకలు పెడతారు, మొదటి ఏడాది పెళ్ళాం కమ్సియా అలాగే ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది, పిచ్చిదానా ఈ బోతియా చేపల నిద్రే అంత అని అతను పొట్ట పట్టుకు నవ్వాడు, ఆ నిద్రంటే భయం లేదు, భయమంతా ఈ నిశ్శబ్దంతోనే, జానెడు దాటిన చేప, ఇరవై ఒక్కేళ్ళుగా ఈ ఇంట్లో తిండి పెట్టినప్పుడల్లా టక్ టక్ మని పళ్ళు నూరిన చేప, ఇప్పుడు నోరు మూసుకుంది.

దీని నోరు విని మామ ఎంత నవ్వాడో, బతాంగ్ హరి నది పొంగిన నెలలు అవి, బురదనీళ్ళలో మునిగి చెట్లవేళ్ళ మధ్య వెదురుగొట్టాలు కట్టి వచ్చేవాళ్ళు, రెండు రోజులకు మళ్ళీ మునిగి తెచ్చేవాళ్ళు, చెవుల్లో నీళ్ళు సలసలమనేవి, రాత్రంతా పోటు, అదంతా ఎవడు పట్టించుకున్నాడు గనక, చిటికెనవేలి గోరంత చేపపిల్లలు గొట్టంలో దూరి దాక్కునేవి, పడవెక్కి గొట్టం మూతిని చెవి దగ్గర పెట్టుకుంటే లోపల టక్, అంటే బతుకుతుంది, అమ్మకానికి బుట్టలో పోసెయ్, టక్ మనలేదా, అది మూగగొట్టం, మాట్లాడకుండా నదిలో కుమ్మరించెయ్, ఒక్క మూగగొట్టం బుట్టలో కలిసిందా, సాయంత్రానికి అన్నీ వెల్లకిలా తేలతాయి, ఆ కట్టుబాటు అతను ఏనాడూ తప్పలేదు, ముసలమ్మ వచ్చిన గొట్టం మాత్రం పడవ ఆ కొసకు కూడా వినపడింది, ఎవర్రా ఇది, నీ పెళ్ళానికంటే పెద్ద నోరు అన్నాడు మామ, ఆ మాటకే అమ్మబుద్ధి కాలేదు, ఇంటికి తెచ్చుకున్నాడు, ఎన్ని గొట్టాలు పలికేవి ఆ రోజుల్లో, తర్వాత్తర్వాత ఏమైందో ఏమో, సగం గొట్టాలు మూగవి, ఆపైన పదింటికి ఎనిమిది, నది అయిపోయిందర్రా, దాని పని అయిపోయింది అని మహ్యుదీనే రేవులో అందరి ముందూ చెప్పి, కట్టకుండా మిగిలిన వెదుర్లన్నీ పొయ్యిలోకి పెట్టేసి పని మానేశాడు, ముసలమ్మ వచ్చిన ఆ ఒక్క గొట్టం ఉంచుకున్నాడు, అదిగో అటక మీద, నదికి పట్టిన చీడ ఇప్పుడు ఇంట్లోకి వచ్చింది కాబోలు.

ఈ మధ్య ప్రపంచమంతా ఏదోలా మెత్తబడింది, రేకుల కప్పు మీద వాన పడితే దూది మీద పడినట్టుంది, మసీదు మైకుకి ఎవరో గొంతు తగ్గించారు, తొట్టికి పెట్టిన కొత్త గాలిమోటారు మాత్రం బంగారం, చప్పుడే లేదు, కమ్సియా ఒకతి, వయసు మీద పడిందేమో గొణుగుడు అలవాటు చేసుకుంది, అదిగో వసారాలో మైనం కాచుకుంటూ బట్ట మీద పూలు గీస్తూ ఏదో గొణుగుతోంది, నీ రంగుల చేతులు తొట్టిలో పెట్టావా ఏమిటి అని అతను అరిచాడు, ఆమె గుమ్మంలోకి వచ్చింది, నేనెందుకు పెడతానయ్యా, అవి నాకు సవతులు, సవతులకు నేను స్నానాలు చేయించాలా అంది, గొణక్కు, నోరు తెరిచి చెప్పు అన్నాడు, తెరిచే చెబుతున్నాను మహానుభావా, అవతలి గట్టు వాళ్ళకు కూడా వినపడుతోంది, నీకు తప్ప అని విసురుగా వెళ్ళిపోయింది, కోపం వస్తే దానికి మాటలు పెద్దవి, పులియబెట్టిన దురియన్ పండుతో కాచే తెంపోయాక్ పులుసు మాడుతోంది కాబోలు, వాసన వస్తోంది, పులుసు ఉడికే చప్పుడు కూడా వచ్చేది ఇదివరకు.

సరే, కట్టుబాటు కట్టుబాటే, మూగవి నదికి పోవాలి, అనుకున్నాడు, ఇరవై ఒక్కేళ్ళు గాజులో బతికిన ముసలిది ఇంత వరదలో నిలుస్తుందా, నిలవదేమో, ఇక్కడుంటే మాత్రం నిలుస్తుందా, ఒక్కొక్కదాన్నీ పట్టి బకెట్లో వేశాడు, ఆరు అయ్యాయి, ముసలమ్మ కొయ్య కిందినుంచి కదలదు, వలేస్తే కంటి కింద ముల్లు లేచి దారాల్లో చిక్కుకుంటుంది, దానికి వల కాదు వెదురు కావాలి, అటక మీది గొట్టం దించి దుమ్ము కడిగి తొట్టిలోకి వాలుగా దించాడు, రాదు, ఇప్పుడు దీనికి వెదురు ఏం గుర్తుంటుంది అనుకుంటున్నాడు, ముసలమ్మ మీసాలు ఆడించింది, అంచుని ఓసారి తడిమింది, అంతే, తన ఇంట్లోకి తను వెళ్ళినట్టు తిన్నగా లోపలికి దూరింది, ఓరి దేవుడా, గోరంత ఉన్నప్పుడు రెండు రాత్రులు తలదాచుకున్న చోటు, ఇన్నేళ్ళకు మరిచిపోలేదే, కళ్ళనిండా నీళ్ళు, గొట్టాన్ని నీళ్ళతో సహా పైకెత్తి పాత అలవాటు కొద్దీ మూతిని చెవి దగ్గర పెట్టుకున్నాడు, ఏమీ లేదు, పలకవే తల్లీ, ఒక్కసారి పలకవే, ఏమీ లేదు, బకెట్ మూత తియ్యడానికి చెయ్యి ఖాళీ లేక గొట్టాన్ని రొమ్ముకు హత్తుకుని గడ్డం దాని అంచు మీద గట్టిగా అదిమి వంగాడు.

టక్.

చెవిలో కాదు, దవడలో, పళ్ళలో, పుర్రె లోపల ఎక్కడో, టక్, గడ్డం ఎత్తాడు, నిశ్శబ్దం, ఆనించాడు, టక్ టక్ టక్, వెదురంతా అదురుతోంది, ఎత్తాడు, నిశ్శబ్దం, ఆనించాడు, అదే నోరు, పడవ ఆ కొసకు వినపడిన నోరు, కమ్సియా పరుగున వచ్చి ఎదురుగా నిలబడింది, పెదాలు కదులుతున్నాయి, ఇది పలుకుతోందా అని అడిగాడు చిన్నపిల్లాడిలా, ఆమె గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని, లోపలికి తొంగి చూడ్డానికి చెంప ఆనించి, పలకడమేమిటయ్యా, నాలుగు రోజుల్నించీ బుర్ర పగలగొడుతున్నాయి, బకెట్లో ఆరూ కూడా కొట్టుకుంటున్నాయి, నీకు చెవులు దిబ్బడేశాయా అంది, ఆ తిట్టు వెదురు వెంబడి వచ్చి అతని దవడ ఎక్కి తలంతా నిండింది, గొణుగుడు కాదు, పెళ్ళినాటి గొంతు, పొగరు కూడా తగ్గలేదు, ఇంకోసారి తిట్టవే అన్నాడు, ఆమె తిట్టబోయి అతని ముఖం చూసి ఆగిపోయింది, మెల్లిగా అతని చెవి మీద చెయ్యి వేసింది, ఎప్పట్నించి అంది, ఆ మాటా వెదురే మోసుకొచ్చింది, ఎప్పట్నించి, ఎప్పట్నించో మరి, చేపకు చెవెక్కడుంది మామా అని ఓసారి అడిగితే దానికి ఒళ్ళంతా చెవేరా అన్నాడు మామ, అప్పుడు ఎగతాళి అనుకున్నాడు, ముసలమ్మ చేతుల్లో ఇంకా పలుకుతూనే ఉంది, ఎంత దయ దీనికి, వినపడని వాడితో కూడా నాలుగు రోజులుగా మాట్లాడుతూనే ఉంది, తిరిగి తొట్టిలోకి వదలాలి, అన్నింటినీ వదలాలి, కానీ ఆ పదింటికి ఎనిమిది గొట్టాలు, మూగవని కుమ్మరించినవి, ఆ పిల్లలన్నీ అతని చేతుల్లో పలుకుతూనే నీళ్ళలోకి వెళ్ళాయన్నమాట, కిటికీ అవతల బతాంగ్ హరి ఎర్రగా నిండుగా పోతోంది, దాని పని అయిపోలేదు, అది ఒక్కనాడూ మూగపోలేదు, మూగగొట్టం తనే.