పెట్టెలో రాణి

శ్రీపతిగారు పొద్దుటి నుంచి కుదురుగా కూర్చున్నది లేదు. కద్మా కాలనీలోని క్వార్టరు వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకి తిరగడం, పూలకుండీని తన్నుకోవడం, కుండీనే తిట్టడం. ఉక్కు కంపెనీ లేబొరేటరీలో ఇరవై ఏళ్లు మైక్రోస్కోపులో ఉక్కుని చూసిన మనిషి. కుడికన్ను పోయి, తొంభై ఏడులో రిటైర్మెంట్ తీసుకున్నారు. ఎడమకంటికి ఇప్పుడు వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనడం లేదు. అయినా పెరట్లోని తేనెటీగల పెట్టెను వదల్లేదు.

"రెండొందల ఏళ్ల కిందట చూపులేని ఒకాయన, పనివాడి కళ్లతో ఈగల గుట్టంతా లాగేడు జానకీ. నాకు నీ కళ్లున్నాయి," అనేవారు భార్యతో.

జానకీదేవికి ఈగలంటే భయం. అయినా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుని పెట్టె ముందు పీట వేసుకుంది. కొత్త రాణి ఈగ పోతుటీగలను కలవడానికి ఇందాకే బయటికి ఎగిరింది. తిరిగి వస్తే గుడ్లు పెడుతుంది. రాకపోతే గుంపు నశిస్తుంది, ఆయనకు మిగిలిన ఒక్క పనీ పోతుంది.

"వచ్చిందా?"

"లేదండి."

"సరిగ్గా చూత్తన్నావా?"

"చూత్తన్నాను. ముందు మీరు కూకోండి."

అంతలో మునగచెట్టు పక్కగా రాణి దిగుతూ కనబడింది. ఆవిడ నోరు తెరిచేలోపే కరెంటు తీగ మీది నల్లపిట్ట దూకి దాన్ని ముక్కున కరుచుకుపోయింది.

"ఏటి, వచ్చిందా?"

జానకీదేవి ఆయన ముఖం చూసింది. "వచ్చీసిందండి. లోపలికెళ్లిపోయింది."

ఆయన హాయిగా నవ్వి కాఫీ అడిగారు. ఆవిడకి మాత్రం కాలు నిలవలేదు. ఉతికిన బట్టలే మళ్లీ ఉతికింది.

సాయంత్రం శ్రీపతిగారు తడుముకుంటూ వెళ్లి పెట్టెకు చెవి ఆనించారు. రోజూ ఒకే తీరున ఉండే రొద ఇవాళ లేస్తూ పడుతూ మూలుగులా ఉంది. అలా మూలిగితే రాణి లేనట్టని ఆవిడకి నేర్పింది ఆయనే.

"రాలేదు కదూ," అన్నారు.

ఆవిడ చేతిలోని తడిబట్ట పిండటం ఆపేసింది.

"మరి కంటి డాక్టరు నిన్ను లోపలికి పిలిచి చెప్పిందేటి? ఎడమకన్ను నిలుస్తాదన్నావు."

నెలల తరబడి ఆ మాట ఆవిడ గొంతులోనే ఉంది. ఏడుపొచ్చేసింది. "నిలవదన్నారండి. ఆపరేషన్ చేసినా నిలవదన్నారు."

ఆయన చెయ్యి గాలిలో వెతుక్కుని ఆవిడ భుజం మీద ఆగింది.

"రాణి ఏమైపోయింది?"

"పిట్ట ఎత్తుకుపోయింది."

"ఏ పిట్ట?"

"నల్లదండి. తోక చివర రెండుగా చీలుంది."

"అదీ. అలా చెప్పు," అన్నారు శ్రీపతిగారు. "ఇప్పుడు పెట్టెలో ఏటి కనబడతందో చెప్పు."

జానకీదేవి కళ్లు తుడుచుకుని లోపల చూడ్డానికి పెట్టె పక్క పలకకి బిగించిన అద్దం దగ్గరికి పీట లాక్కుంది. లోపల ఈగలు దిక్కు తెలియక తిరుగుతున్నాయి. ఆ మాటే చెప్పింది.